రస్సెల్ సర్పగ్రంథము – అడవిలో దాని ఉపయోగము

భద్రాచలం అడవి అంచున పాములను, తొండలను, కప్పలను పరిశీలింపబోవు విద్యార్థులకు తెలుగునేలమీద సిద్ధమైన పాతగ్రంథమొకటి కలదు. విశాఖపట్టణమున తూర్పు ఇండియా కంపెనీ కొలువు చేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను గూర్చి వ్రాసి, 1796లో లండనులో ప్రకటించినాడు.

స్థానిక నామములను విడువకపోవుట దీని గొప్ప గుణము. రక్తపింజరకు ‘కాటుక రేకుల పొడ’ అనియు, పసుపు నలుపు పట్టెల కట్లపాముకు ‘బంగారు పాము’ అనియు ఇందు గలదు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ కట్లపాముల ప్రజాతికి పెట్టిన ‘బంగారస్’ అను పేరు మన మాటయే. ఏది విషసర్పమో ఊహతో గాక, కోళ్ళపై, కుక్కలపై ప్రయోగించి నిర్ణయించుట రెండవ గుణము.

ఇక లోపము. చిత్రము, పొలుసుల లెక్క, కాటు ఫలితము ఉన్నవి; జీవి బ్రతుకు మాత్రము కానరాదు. పాములు చాలవరకు ఇతరులు తెచ్చి ఇచ్చినవి. కప్పలు గ్రంథవిషయమే కాదు. కిన్నెరసాని ఒడ్డున ఏ కప్ప ఏ వేళ అరచునని అడుగువానికి ఇందు సమాధానము దొరకదు.

కావున ఉపాధ్యాయులు గ్రహింపవలసినది ఆయన అడిగి వ్రాసికొన్న పద్ధతిని. పట్టి తెచ్చుటను కాదు. అటవీశాఖ అనుమతితో వెళ్ళి, జీవిని తాకక, కోయవారు చెప్పు పేరు, కనబడిన చోటు, వేళ, వాన వ్రాసికొన్నచో రస్సెల్ విడిచిన పుటలు నిండును.