పలక మీద నాలుగు ధరలు

గుడ్ల దుకాణం ముందు వేలాడే పలక కేసి ఎవరూ రెండోసారి చూడరు. విడిగా ఒకటి, డజను, అట్ట, పెట్టె అని ఒకే సరుకుకు దాని మీద నాలుగు ధరలుంటాయి. ఆ నాలుగూ ఒకదానికొకటి అడ్డం రాకుండా కుదిరాయంటే అది మంచి పనితనమే.

లెక్క నూరుతో మొదలవుతుంది. 1982లో బి.వి. రావు చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ హైదరాబాద్, విజయవాడ, నామక్కల్ వంటి కేంద్రాలకు నూరు గుడ్ల రేటు ప్రకటిస్తుంది. దుకాణానికి సరుకు వచ్చేది మాత్రం అట్టల్లో. అట్టకు 30 గుడ్లు, పెట్టెకు 7 అట్టలు, మొత్తం 210. నూరు రేటును ఈ కొలతల్లోకి దించడంలోనే దుకాణదారుడి నేర్పంతా ఉంది.

నూరు గుడ్లు 610 రూపాయలకు పడ్డాయనుకుందాం. అట్ట అసలు ధర 183, పెట్టెది 1281. అమ్మకం ధరలు విడిగా 7, డజను 80, అట్ట 195, పెట్టె 1300 అని రాశాడనుకుందాం.

పెట్టె మొత్తం విడిగా అమ్ముడుపోతే 189 రూపాయలు మిగులుతాయి. అందుకోసం ఒక్కో గుడ్డూ ఏరి ఇవ్వాలి, కాగితంలో పొట్లం కట్టాలి, చిట్లినవి తనే భరించాలి. నాలుగు పగిలితే 28 రూపాయలు పోయినట్టే. హాస్టల్ మెస్‌కు పెట్టెకు పెట్టె ఇచ్చేస్తే మిగిలేది 19 రూపాయలే. కానీ కట్టు విప్పే పని లేదు, సరుకు నిలవుండదు. తప్పిన శ్రమ ఎంతో తగ్గించిన ధర అంత.

నాకు బాగా ముచ్చటేసేది అట్టకు వేసిన 195. రెండు డజన్లకు 160, విడిగా అయిదుకు 35, వెరసి 29 గుడ్లకు 195. అదే డబ్బుకు అట్ట వస్తుంది. ఎవరూ చెప్పకుండానే కొనేవాడి చెయ్యి అట్ట మీదికి వెళుతుంది. అట్ట 205 చేస్తే, అదే 30 గుడ్లు రెండు డజన్లుగా, ఆరు విడిగా కొంటే 202కే వస్తాయి. నమ్మి అట్ట కొన్నవాడు నష్టపోతాడు. 185కు దించితే దుకాణదారుడికి మిగిలేది రెండు రూపాయలు.

గుడ్డుకు ఎంత పడిందో చూడండి: 7, 6.67, 6.50, 6.19. ఎక్కువ కొన్నకొద్దీ ధర దిగుతూనే ఉంది, మధ్యలో ఎక్కడా ఎగబాకలేదు. రేటు పైసల్లో కదిలిన రోజున విడి గుడ్డు ఏడు రూపాయల దగ్గరే ఆగుతుంది, చిల్లర గొడవ ఉండదు. ఆ మార్పును అట్ట, పెట్టె మోస్తాయి.

పెద్ద ప్యాక్ అంటే చవకే అని నమ్మి భాగించి చూడకుండా కొనేస్తాం. సబ్బులైనా, నూనె ప్యాకెట్లైనా ఒక్కోదానికి ఎంత పడుతుందో లెక్క వేసుకుని కొనండి. అమ్మేవాళ్లు కూడా ధర రాసే ముందు అదే లెక్క వేయాలి. ఏ మెట్టు దగ్గర కొన్నవాడూ మోసపోని ధరే మంచి ధర.