మొదటి పావుగంట

ప్రీ-ఫైనల్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు, బడుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట: "స్పీడ్ పెంచండర్రా!" పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్పెషల్ క్లాసు, మధ్యలో స్లిప్ టెస్టులు. వేళ్లు నొప్పులు పుట్టేదాకా రాయిస్తాం. పదో తరగతికి తెలుగు చెప్పే నాకు ఈ పద్ధతి మీద నమ్మకం లేదు. టైం చాల్లేదని ఏడుస్తూ బయటికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి చేతివేగం బాగానే ఉంటుంది. ఏం రాయాలో తేల్చుకోకముందే రాయడం మొదలుపెడతారు, అక్కడొస్తుంది చిక్కు.

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి తెలుగు పేపరు 100 మార్కులకు. ఉదయం 9.30 నుంచి 12.45 దాకా. ఇందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇచ్చారు. ఇంత మంచి ఏర్పాటును పిల్లలు ఎలా వాడుకుంటున్నారో గమనించండి. తిరునాళ్లలో తెలిసిన మొహాన్ని వెతుక్కున్నట్టు పేజీలు తిప్పుతారు. చదివిన ప్రశ్న కనబడగానే మొహం వెలిగిపోతుంది, మిగతా పేపరు సరిగా చూడరు. రెండింటిలో ఒకటి రాయమన్నచోట మొదటిదే పట్టుకుంటారు. సగం రాశాక రెండోదే తేలికని తెలుస్తుంది.

అందుకే మా క్లాసులో టెస్టు పెడితే మొదటి పావుగంట పెన్ను మూసే ఉంచాలి. ఏ ప్రశ్న తీసుకోవాలి, దేని తర్వాత ఏది రాయాలి, పెద్ద ప్రశ్నలో చెప్పాల్సిన ముఖ్యమైన సంగతులేమిటి అన్నవి ఆ సమయంలోనే మనసులో కుదుర్చుకోవాలి. మొదట్లో పిల్లలు తెగ గింజుకుంటారు. పక్కవాడు ఎక్కడ ముందుకెళ్లిపోతాడోనని కంగారు. నాలుగైదు టెస్టులయ్యేసరికి ఆ కంగారు తగ్గుతుంది.

ఒకసారి నీటి పొదుపు మీద కరపత్రం రాయమన్నాను. ఒకమ్మాయి గైడులో ఉన్నట్టే 'ప్రియమైన ప్రజలారా' అని మొదలుపెట్టి, మూడు వాక్యాలు రాసి, పైకప్పు చూస్తూ కూర్చుంది. దగ్గరికెళ్లి, "మీ వీధిలో నీళ్లు ఎక్కడ వృథాగా పోతాయమ్మా?" అన్నాను.

"ట్యాంకు దగ్గర సార్. కుళాయికి తల లేదు. గుడ్డ కుక్కుతారు, అయినా రాత్రంతా పోతానే ఉంటాయి."

"మరి ఎవరికి చెప్పాలి?"

"మా వీధోళ్లకే సార్. తల బిగించినప్పుడల్లా ఎవరో ఒకరు పీక్కెళ్తారు."

అదే రాయమన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల తల ఎత్తలేదు. గంట కొట్టేలోపే పేజీ నిండింది. అక్షరదోషాలున్నాయి, నిజమే. కానీ ఆ కాగితం వీధిలో పంచితే జనం చదువుతారు. కంఠతా పట్టిన వ్యాసానికి ఆ బలం రాదు. ప్రశ్నలో ఒక్క మాట మారిందా, అది అక్కరకే రాదు.

ఇక లెక్క. దీన్ని పిల్లల చేతే వేయిస్తాను. పేపర్లో భాషాంశాలకు 32 మార్కులు. సాధన చేసిన పిల్లలు వాటిని అరగంటలో ముగిస్తారు. చివర సరిచూసుకోవడానికి పది నిమిషాలు తీసేస్తే, మిగతా 68 మార్కులకు 140 నిమిషాలు ఉంటాయి. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకు 16 నిమిషాలు. ఈ అంకె పిల్లవాడి బుర్రలో ఉంటే నచ్చిన కవి దగ్గర నాలుగు పేజీలు రాసి, చివర లేఖ వదిలేసి రాడు.

మార్జిన్లు, రంగు గీతల కింద కూడా బోలెడు టైం పోతుంది. స్పాట్ వాల్యుయేషన్లో ఒక్కొక్కరు రోజుకు 40 పేపర్లు దిద్దాలి. దిద్దేవాళ్ల కంటికి ముందు కావలసింది విడివిడిగా పేరాలు, స్పష్టంగా ప్రశ్న నంబరు. నాలుగు రంగులకు అదనంగా మార్కులేమీ రావు.

నిజంగానే చేయి కదలని పిల్లలూ ఉన్నారు. వాళ్లను స్పీడ్ పేరుతో హడావిడి పెట్టకూడదు. రోజూ పది నిమిషాలు చూచిరాత, చిన్న వాక్యాలు. ఐదు వాక్యాల్లో అడిగినదానికి జవాబుంటే ఆ ఐదింటికీ మార్కులొస్తాయి.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. మీ పదో తరగతి గదిలో గోడ గడియారం ఉందో లేదో ఇవాళే చూడండి. సెల్‌ఫోన్లో అంకెలు చూసి టైం చెప్పే పిల్లల్లో చాలామందికి ముల్లు ఎక్కడుంటే ఎన్ని నిమిషాలు మిగిలాయో చప్పున తట్టదు. మార్చిదాకా ఆగకుండా ఇప్పుడే ఒకటి కొనిపించి, బల్లల మీద కూర్చున్న అందరికీ కనబడేలా నల్లబల్ల పక్కన తగిలించండి.