గోడ మీద అమ్మ చెయ్యి

పోయిన వారం సంతలో మొగలి ఊడ కుంచెలు కనబడ్డాయి. ఎన్నాళ్ళకి! మొగలి పొద నుంచి నేలకి దిగే ఊడని కోసి, ఒక కొస రాతి మీద నలగ్గొడితే పీచు విచ్చుకుంటుంది. అదే కుంచె. కొట్లో అమ్మే బ్రష్షు సున్నాన్ని గోడకి పూస్తుంది. ఈ పీచు తాను తాగి గోడ చేత తాగిస్తుంది. రెండు కొన్నాను. సంక్రాంతికి నెలగంట పెట్టారంటే నాకు ఇంటి పని మీదికి మనసు పోతుంది.

శనివారం రాత్రే గాబులో గుల్లసున్నం నానేశాను. నీళ్ళు తగలగానే కుతకుతా ఉడికింది. ఒకప్పుడు సముద్రంలో బతికిన గుల్లలే ఇవి. బట్టీలో కాలి, నీళ్ళలో ఉడికి, గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయవుతాయి. తెల్లారి వంటింటి వెనక గోడ మొదలుపెట్టాను. తడిగా ఉన్నప్పుడు సున్నం వేసినట్టే కనబడదు. ఆరేకొద్దీ తెలుపు పైకి తేలుతుంది.

పెరట్లో గచ్చు వేయకూడదన్న నా పట్టు ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. వానచుక్క పడ్డచోటే ఇంకాలి, నుయ్యి ఊరాలి. కొబ్బరికి తల్లివేరుండదు. మొదలు చుట్టూ పీచువేళ్ళు పరుచుకుని బతుకుతుంది. వాటి మీద సిమెంటు పోయడం నాకు చేతకాని పని. ఉద్యానమన్న మాటే మా ప్రాంతానికి ఉద్దానమన్న పేరైందంటారు. అలాంటి చోట నేల కప్పేసుకుంటే ఇంకేం మిగులుతుందని చాలాసార్లు రాశాను.

ఆ పట్టుకి ఒక రాత్రి కారణం. 2018 అక్టోబరు 10. పైలిన్‌ని చూశాం, హుద్‌హుద్‌ని విన్నాం, తిత్లీ తుపానుని కూడా ఓర్చుకుంటామనుకున్నాం. 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరిచెట్టు విరిగేటప్పుడు చేసే చప్పుడు ఒకసారి విన్నవాడు మరిచిపోడు. మా పెరట్లో పదకొండు చెట్లుండేవి, అన్నీ నాన్న నాటినవే. తెల్లారేసరికి రెండు నిలబడ్డాయి. పనసచెట్టు వంటింటి పెంకుల మీద పడుకుంది. ఊరంతా పచ్చి ఆకు వాసన. దారుల్లేవు, కరెంటు లేదు, పడిపోయిన చెట్ల బొండాలే రోజుల తరబడి తాగాం. ఉద్దానంలో చెట్టుని కొడుకుతో సమానంగా చూస్తారు. ఆ పొద్దున ఇంటింటి ముందూ మనుషులు శవం దగ్గర కూర్చున్నట్టే కూర్చున్నారు.

2019 తొలకరికి మూడడుగుల గోతులు తీసి తొమ్మిది మొక్కలు నాటాను. నాటింది నేనే, పెంచింది అమ్మ. రెండు వేసవులు బిందెలతో నీళ్ళు మోసింది. నాటురకం కనక ఆరేళ్ళు పట్టింది. నిరుడు తొలి గెల వేశాయి.

ఆదివారం మధ్యాహ్నానికి గోడ ఆరింది. భోంచేసి వచ్చి చూస్తే తెలుపు మీద చేతి ముద్రలు. వంటింటి గుమ్మం దగ్గర ఒకటి, రెండడుగుల అవతల ఇంకొకటి, అలా గోడ చివరిదాకా. తడి ఆరకముందే అమ్మ గోడ పట్టుకుని నడిచింది. గోడ అయిపోయినచోట ఒక ముద్ర బాగా ఒత్తుకుని ఉంది. అక్కడ ఆగి వెనక్కి తిరిగిందన్నమాట. అక్కడి నుంచి ఆనప పందిరికి పదిహేను అడుగులు. పట్టుకోడానికేమీ లేదు, కింద నాచు పట్టిన తడినేల.

సున్నమంటిన అమ్మ చెయ్యి కడుగుతూ అడిగాను.

“నాను బాగానే నడుస్తన్నాను గదరా” అంది.

వానాకాలం నుంచీ అమ్మ పందిరి దగ్గరికి వెళ్ళలేదని నా భార్య చెప్పింది. నేల గురించి అన్ని వారాలు రాసినవాణ్ణి, ఈ సంగతి చూడలేదు. ఆ నేలకి నీళ్ళు మోసిన మనిషి ఇవాళ ఆ నేల మీద అడుగు పెట్టలేకపోతోంది.

సాయంత్రమే మేస్త్రిని పిలిచాను. మూడడుగుల వెడల్పు సిమెంటు బాట. చెట్ల మొదళ్ళకి ఆరడుగులు వదిలి వంకరగా తిప్పమన్నాను. ఏటి ఇసక తెచ్చాడు, సముద్రపు ఇసకలో ఉప్పుంటుంది. మర్నాడు పొయ్యడం అయ్యాక తాపీతో నున్నగా తీస్తుంటే అదే ముగింపనుకున్నాను.

“నున్నగా ఒగ్గేస్తే వానకి జారిపోద్ది బాబూ. ఈనెల చీపురు ఉంటే ఇలాగియ్యండి” అన్నాడు.

కొత్త చెట్ల మట్టల నుంచి అమ్మ చీరి కట్టిన చీపురిచ్చాను. పచ్చి సిమెంటు మీద అడ్డంగా లాగాడు. గుమ్మం నుంచి పందిరిదాకా సన్నటి గీతలు పడ్డాయి.

గోనెసంచులు పరిచి వారంరోజులు తడపాలి. గోడ మీది ముద్రలకి రెండో పూత వేయలేదు. పందిట్లో ఆనపకాయ ముదిరిపోతోంది, కోద్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. అది తానే కోస్తుందట.