జిరాక్స్ మెకానిక్ పనితనం

65వ నంబరు జాతీయ రహదారి మీదున్న జహీరాబాద్‌ను ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరిగానే చాలామంది ఎరుగుదురు. ఇలాంటి ఊళ్లలో ఆఫీసుల పాత జిరాక్స్ మిషన్లను నడిపిస్తున్న మెకానిక్‌ల గురించీ చెప్పుకోవాలి.

వట్టి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పాత పద్ధతిని జీమెయిల్ 2022 మే 30 నుంచి ఆపేయడం మొదలుపెట్టింది. దాంతో కాగితం స్కాన్ చేసి నేరుగా మెయిల్ పంపే మిషన్లలో ఆ పని చాలాచోట్ల ఆగిపోయింది. కొత్తది కొనమనడం సులువు. చేయి తిరిగిన మెకానిక్ ఆ మాట తొందరపడి అనడు.

ముందు మిషన్‌లో తేదీ, టైము చూస్తాడు. అవి తప్పుగా ఉంటే సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లకపోవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో గేట్‌వే, డీఎన్‌ఎస్ సరిచూస్తాడు. ఆఫీసు మెయిల్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీయిస్తాడు. “ఇది మీ అసలు పాస్‌వర్డ్ కాదు సార్, మిషన్ కోసమే” అని భయం పోగొడతాడు. సర్వర్ పేరు, 587 పోర్టు, ఆ పాస్‌వర్డ్ అన్నీ చిన్న తెరమీద ఒక్కో అక్షరం నొక్కుతూ ఎక్కిస్తాడు. ఫైలు 25 ఎంబీ దాటితే జీమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా వెళ్లదు కనుక రిజల్యూషన్ తగ్గిస్తాడు.

మెయిల్‌ను భద్రంగా పంపడానికి సర్వర్ అడిగే టీఎల్‌ఎస్ వెర్షన్ మిషన్‌లో లేకపోతే ఉన్నమాట చెప్పి, స్కాన్ పెన్‌డ్రైవ్‌లోకో కంప్యూటర్ ఫోల్డర్‌లోకో వెళ్లేలా అమరుస్తాడు. ఆ నిజాయితీ కూడా పనితనమే.

పార్టు మార్చలేదు కదా అని అతని కూలి తగ్గించకండి. మీరు డబ్బిస్తున్నది అతని తెలివికి.