రంగు సంగతి చివర్న చూద్దాం

ల్యూర్లు, అంటే చేపను మభ్యపెట్టే బొమ్మ ఎరలు, అమ్మే దుకాణంలోకి కొత్తగా అడుగుపెట్టినవాడి చెయ్యి ముందు రంగుమీదికే పోతుంది. నారింజ పొట్ట, ఆకుపచ్చ వీపు, పక్కలంటా తళుకు, మధ్యలో మిటకరించి చూసే గాజు కన్ను. నా వరస వేరు. ముందు పొడవు, తరవాత బరువు, ఆపైన నడక. మిగతా సింగారం గురించి తొందరేం లేదు.

పొడవు ఎంతుండాలో దుకాణదారును అడిగి లాభం లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారగట్ల వెళ్లి గంపల్లోకి తొంగిచూడాలి. నెత్తళ్లు దిగుతున్నాయా, కవళ్లా, కానాగంతలా? గంపలో ఏది కనిపిస్తే పెద్ద చేప నోటికి అదే అలవాటై ఉంటుంది. నెత్తళ్ల రోజుల్లో జానెడు ల్యూర్ విసరడం దండగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు వెళ్లవు కాబట్టి, ఆ 61 రోజులూ తెప్పలవాళ్ల దగ్గరే వాకబు చేసుకోవాలి.

ఇంకాస్త ఓపికుంటే చేపలు కోసే ఆడవాళ్ల పక్కన నిలబడండి. కోనం పొట్ట చీల్చినప్పుడు ఒక్కోసారి సగం అరిగిన కవళ్లు బయటపడతాయి. కొన్నిటికి తోకలుండవు, కత్తెరతో కత్తిరించినంత నున్నగా తెగి ఉంటాయి. కోనం చాలాసార్లు వెనకనుంచి వచ్చి ముందు తోకే తెగ్గొడుతుంది. ఈదలేని చేపను తరవాత తీరిగ్గా మింగొచ్చు. అందుకే కోనానికి తోక దగ్గర గాలం లేని ల్యూర్ వేస్తే దెబ్బ తగిలినట్టే తగిలి ఖాళీ తాడు చేతికొస్తుంది. ఆ పళ్లకు నైలాన్ ఆగదు, ల్యూర్ ముందు జానెడు ఉక్కు తీగ ఉండాల్సిందే.

బరువు విషయం గాలి తేలుస్తుంది. యారాడ రాళ్లమీద మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురు కొడుతుంటే తేలికపాటి చెక్క ల్యూర్ విసిరినవాడి ముందే పడుతుంది. అక్కడ 30, 40 గ్రాముల లోహపు ల్యూరే, అంటే జిగ్గే, నయం. పడవలోంచి లోతుకు దించేవాళ్లు ఇప్పుడు టంగ్‌స్టన్ అంటున్నారు. సీసం సాంద్రత 11.3 అయితే దానిది 19.3. అంత బరువూ చిన్న ఒంట్లో ఇమిడిపోతుంది, నెత్తళ్లంత జిగ్గు కూడా చరచరా అడుక్కి చేరుతుంది. నిజమే. కానీ రాళ్లలో ఇరుక్కుని తెగిపోయే చోట అంత ఖరీదైనది విసరడానికి నాకు మనసొప్పదు. అక్కడ సీసం చాలు.

నడక దగ్గరికొస్తే ఫిన్లాండ్ జాలరి లౌరీ రాపాలాను తలుచుకోవాలి. పెద్ద చేప గుంపంతటినీ వదిలేసి, వంకరగా ఈదే ఒక్క చిన్నచేప మీదే పడడం ఆయన గమనించాడు. 1936లో బెండు చెక్కి, చాక్లెట్ చుట్టిన తగరపు కాగితం అంటించి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పైపూత వేసి, ఆ దెబ్బతిన్న నడకను తయారుచేశాడు. ఆయనవి మంచినీటి చెరువులు, మనది ఉప్పునీరు. ఆకలి మాత్రం ఒకటే. ఇప్పటికీ ఇలాంటి ల్యూర్ ముక్కు కింద ఒక రేకు ఉంటుంది. అది పొట్టిగా, నిటారుగా ఉంటే పైపైన ఈదుతుంది. పొడుగ్గా ముందుకు చాచి ఉంటే లోతుకు మునుగుతుంది. డబ్బా మీద రాసింది చదివేకంటే ఆ రేకు చూడడం మేలు.

పూడిమడకలో ఒక పెద్దాయన నా చేతిలో ల్యూర్ తీసుకుని, రంగు వైపు చూడనైనా చూడకుండా, పడవ పక్కన నీళ్లలో అటూ ఇటూ లాగి, “పేనముందేటి బాబూ దీనికి?” అన్నాడు. ఆ పేనం ఎంత ఉండాలన్నది చేపను బట్టి. కోనానికైతే రీలు తిప్పే చెయ్యి నొప్పెట్టాలి. ఏటి మొగ దగ్గర పొంచి ఉండే పండుగప్పకు అదే ల్యూర్ మెల్లగా లాగి, ఆపి, మళ్లీ కదపాలి. చాలాసార్లు ఆపినప్పుడే అందుకుంటుంది.

సరే, రంగు. నీళ్లలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపు. కొన్ని మీటర్ల లోతుకే అది నలుపుగా మారిపోతుంది. నీలం, ఆకుపచ్చ చాలా లోతుకు వెళతాయి. పైగా కిందనుంచి వచ్చే చేపకు కనిపించేది వెలుతురుకు అడ్డంగా ఉన్న నీడ. అందుకని తేటనీటికి వెండి తళుకు, వానల తరవాత మట్టినీటికి ముదురు రంగు. నా సంచిలో ఇంతకుమించి వెరైటీ లేదు.

మిగిలిన డబ్బు గాలాల మీద పెట్టండి. చాలా ల్యూర్లకు తగిలించి ఇచ్చే మూడుముళ్ల గాలం ఉప్పునీటికి పనికిరాదు, కోనం పట్టుకు నిటారైపోతుంది. తీసేసి గట్టి ఒంటిగాలం వేసుకోవాలి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, తడి గాలం ఒక్కటున్నా డబ్బాలో అన్నిటికీ తుప్పే. మెత్తటి రబ్బరు చేపల్ని మాత్రం గట్టి ప్లాస్టిక్ వాటితో కలిపి పెట్టకండి. మన ఎండకు కరిగి, రెండూ ఒకదానికొకటి అంటుకుపోతాయి.