ముందు ఆకు తీసుకురండి

మా అపార్ట్‌మెంట్‌లో మిద్దెతోట వేసినవాళ్లు ఎక్కువయ్యారు. ఏ మొక్క నలతగా కనిపించినా నా దగ్గరికొస్తారు. అడిగేది ఒకటే: "ఏ మందు కొట్టమంటారండీ?" నేను చెప్పేదీ ఒకటే: "ముందు ఆకు తీసుకురండి."

మిరపనే చూడండి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి దోనె బోర్లించినట్టుండి, కాడ సాగిందంటే కిందిముడత. అది తెల్లనల్లి. గుంటూరు, ఖమ్మం మిరప రైతులు గట్టు మీద నిలబడే ఈ తేడా చెప్పేస్తారు. మనకు అనుమానమైతే కొమ్మ చివర కింద తెల్లకాగితం పట్టి తట్టాలి. సన్నగా, పొడవుగా చకచకా పాకేవి తామర పురుగులు. నల్లి మాత్రం కంటికి ఆనదు, భూతద్దం ఉండాల్సిందే.

ఇంత చాదస్తం ఎందుకంటే, నల్లి అసలు కీటకమే కాదు. పెరిగాక దానికి ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం. చాలా పురుగుమందులకు అది చావదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు చచ్చి ఇంకా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లపొద్దున కొడితే నల్లి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకే మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం జోలికి వెళ్లొద్దు. ఇక ఆకులు చిన్నవై గిడసబారి, ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు, మొక్క పీకేయడమే.

పురుగు తెలిసినా లొంగుతుందన్న భరోసా లేదు. 2021లో మిరప పూతలో చేరిన నల్ల తామర పురుగు మన రెండు రాష్ట్రాల రైతులనూ ముంచింది. మందు మీద మందు కొట్టినా పూత నిలవలేదు.

వంటింట్లోనూ ఇదే వరస. బియ్యంలో ముక్కు పొడుచుకొచ్చిన పురుగు కనిపిస్తే జల్లెడ పట్టి ఊరుకుంటాం. దాని పిల్ల గింజ లోపలే తింటూ పెరుగుతుంది కాబట్టి మళ్లీ పురుగులు బయటికొస్తాయి. పిండిలో తిరిగే ఎర్రటి పెంకు పురుగు వేరు, అది ముక్క గింజల్లో, పిండిలో బతుకుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అక్షింతల పురుగు పిల్లల చావు. తల్లిని అందరూ ముద్దు చేస్తారు. పిల్లది నల్లటి పొడవాటి ఒళ్లు, దాని మీద నారింజ మచ్చలు, అందుకే చూడగానే నలిపేస్తారు. తల్లితో పాటు ఆ పిల్లా పేనుబంకను తింటుంది. పిండినల్లిని తినే ఆస్ట్రేలియా అక్షింతల పురుగుది ఇంకా చిత్రం. 1898లో మన దేశానికి తెచ్చిన ఈ పురుగు పిల్ల కూడా ఒళ్లంతా తెల్లటి మైనం పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. కాస్త పెద్దగా ఉండి, పుల్లతో కదిపితే చురుగ్గా పరుగెత్తిందా, అది మన పక్షం. దాన్ని చంపకండి. ఆ కుండీకి కొన్నాళ్లు ఏ మందూ కొట్టకండి.