గర్భకవిత్వం - డిజిటల్ పాఠగోపనం: ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒక పాఠంలో మరో పాఠాన్ని ఇమిడ్చే విద్యను తెలుగు చిత్రకవిత్వం శతాబ్దాలుగా సాధన చేసింది. నేటి డిజిటల్ పాఠంలో కంటికి కనిపించని సంకేతాలు ఆ పనినే చేస్తున్నట్లు తోస్తుంది. ఈ సామ్యం పైపైదేనని, రెండింటి భేదం తెలుగు గ్రంథపరిష్కరణకు ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గర్భకవిత్వం, న్యస్తాక్షరి, పాఠగోపనం, యూనికోడ్, గ్రంథపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

శ్రీరంగాపూర్‌లోని రంగనాయకస్వామి ఆలయం వనపర్తి సంస్థానాధీశుల నిర్మాణం. ఆ సంస్థానమూ, పొరుగున ఉన్న గద్వాల, ఆత్మకూరు సంస్థానాలూ పండితపోషణకు పేరుగాంచాయి. గద్వాల 'విద్వద్గద్వాల'గా ప్రసిద్ధికెక్కింది. ఇటువంటి సభలలో అవధానానికి, చిత్రకవిత్వానికి ఆదరణ లభించింది. ఈ వారసత్వాన్ని చూపి, రహస్యలేఖనశాస్త్రం మనకు ఏనాడో తెలుసునని చెప్పడం పరిపాటి. ఆ మాటలో ఎంత నిజమున్నదో విచారించాలి.

2. పద్యంలో దాగిన పద్యం

తెలుగులో బంధకవిత్వానికి నన్నెచోడుని 'కుమారసంభవం' బాట వేసింది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో తెలుగు పద్యమొకటి తుదినుండి మొదటికి చదివితే సంస్కృతమవుతుంది. గణపవరపు వేంకటకవి 'ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసం' గర్భకవిత్వాన్ని పరాకాష్ఠకు చేర్చింది.

వీటన్నిటిలో దాచినది దొరకడానికే దాగి ఉంటుంది. చంపకమాలలో కందాన్ని ఇమిడిస్తే, ఆ కందానికీ ప్రాసనియమం తప్పదు. అందువల్ల అకారణంగా తిరిగివచ్చే హల్లు ఛందస్సు తెలిసిన పాఠకునికి ఆనవాలు చూపుతుంది. అంటే ఇక్కడ తాళపుచెవి ఛందస్సే. అది అందరిదీ.

అవధానంలోని న్యస్తాక్షరి రహస్యలేఖనానికి మరింత దగ్గరగా కనిపిస్తుంది. పృచ్ఛకుడు కోరిన అక్షరం కోరిన స్థానంలోనే పడాలి. అయినా ఆ స్థానాలు సభకంతటికీ తెలుసు. గుట్టుకన్న నేర్పే అక్కడ ప్రధానం.

3. కనిపించని అక్షరం

డిజిటల్ పాఠగోపనం తీరు వేరు. యూనికోడ్‌లో యు+200సి అనే సంకేతానికి వెడల్పు లేదు. తెలుగులో దాని పని న్యాయమైనదే: 'ఫోన్‌లో' అని పొల్లు నిలిపి రాయాలంటే అది కావాలి, లేకుంటే 'ఫోన్లో' అవుతుంది. అయితే పదాంతపు పొల్లు తరువాత ఖాళీ ఉన్నప్పుడు ఆ సంకేతం ఉన్నా లేకున్నా రూపం మారదు. ఉంటే ఒకటి, లేకుంటే సున్న అనుకుంటే, అటువంటి ఎనిమిది పదాలలో ఒక బైటు సమాచారం దాగుతుంది. ఇంగ్లీషు పాఠంలో ఈ సంకేతం కనిపిస్తే అనుమానం కలుగుతుంది. తెలుగు పాఠంలో అది నిత్యం కనిపించేదే కనుక అనుమానానికి తావు తక్కువ.

ఇక్కడ సందేశాన్ని మోసేది అక్షరం కాదు, చదవబడని సంకేతం. పాఠాన్ని చేతితో తిరగరాసినా, ముద్రించినా, గొంతెత్తి చదివినా అది నశిస్తుంది. గర్భపద్యం తాటాకు నుండి తాటాకుకు, నోటి నుండి నోటికి సాగినా గర్భంతోనే సాగుతుంది. ఒక్క అక్షరం తప్పిపోతే లోపలి పద్యపు ఛందస్సే ఆ తప్పును పట్టిస్తుంది.

4. పరిష్కర్త బాధ్యత

రహస్యాలకు భయపడి కనిపించని సంకేతాలన్నిటినీ తుడిచివేసే సాఫ్ట్‌వేర్ తెలుగు వర్ణక్రమాన్నే చెరుపుతుంది. అన్నిటినీ ఉంచితే ఒకే రూపంగల పదం రెండు సంకేతక్రమాలలో ఉండి వెతుకులాటలోనూ, పదసూచికలోనూ రెండుగా లెక్కకు వస్తుంది. యూనికోడ్ సాధారణీకరణ ఈ చిక్కును తీర్చదు, ఆ ప్రక్రియ ఈ సంకేతాన్ని తొలగించదు. కనుక రూపాన్ని మార్చే చోట సంకేతాన్ని నిలపడం, మార్చని పదాంతంలో తొలగించడం, ఆ నియమాన్ని పీఠికలో ప్రకటించడం డిజిటల్ ప్రతి పరిష్కర్త విధి. తాళపత్రప్రతుల పాఠభేదాలను నమోదు చేసే శ్రద్ధే ఇక్కడా అవసరం.

5. ముగింపు

గర్భకవిత్వం పాఠకుని ఆహ్వానిస్తుంది. డిజిటల్ పాఠగోపనం అతనిని తప్పించుకొంటుంది. మొదటిదానిని రెండవదానికి పూర్వరూపమనడం చిత్రకవుల ఉద్దేశాన్ని మరుగుపరచడమే. ఆ కవుల నుండి నేటి పరిష్కర్త గ్రహించవలసింది ఇంకొకటి ఉన్నది: పాఠంలోని ప్రతి అక్షరానికీ లెక్క చెప్పగలగడం.